ఏడాది నిండిన బిడ్డ, ఊరి నుంచి వచ్చిన పెద్దలు

తెలుగు ఇళ్లలో పసిబిడ్డకు ఏడాది నిండిన రోజున జరిగే వేడుకను బిడ్డ పండుగగా చెప్పుకోవడం వాడుక అయినా, ఆ రోజును మనసారా పండుగగా అనుభవించేవారు ఆ బిడ్డ అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతలే. బిడ్డకు ఆ రోజు గుర్తుండదు. తల్లిదండ్రులు వంటల లెక్కల్లోనూ వచ్చినవారి మర్యాదల్లోనూ తలమునకలై ఉంటారు. గడిచిన పన్నెండు నెలల్లో ఏ నెలలో జ్వరం తగిలిందో, ఏ వానకు రొంప పట్టిందో, మొదటి పన్ను ఎప్పుడు మొలిచిందో వరసగా నెమరువేసుకుంటూ బిడ్డ ముఖంలోకి చూస్తూ కూర్చునేది పెద్దలే. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్, దాని చుట్టుపక్కల పటాన్‌చెరు వరకు పరుచుకున్న కార్ఖానాల ప్రాంతం ఈ సంగతిని పరిశీలించడానికి తగిన చోటు. ఇక్కడ కాపురాలు పెట్టిన యువ దంపతుల్లో చాలామంది పని వెతుక్కుంటూ వేరే ఊళ్ల నుంచి వచ్చినవారు కాబట్టి, వారి బిడ్డల పుట్టినరోజుకు పెద్దలు బస్సో రైలో ఎక్కి రావలసిందే.

కొండాపూర్ పనివారి ఊరు కావడం ఈ కాలంలో జరిగిన మార్పు కాదు. గ్రామం పక్కనున్న పాటిదిబ్బను నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ 1940–42 మధ్య తవ్వించినప్పుడు శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, లోహం కరిగించిన కొలుముల ఆనవాళ్లు బయటపడ్డాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ నాణెం కూడా దొరకడాన్ని బట్టి ఈ ఊరి వర్తకం ఎంత దూరంతో ముడిపడి ఉండేదో తెలుస్తుంది. అక్కడే ఉన్న మ్యూజియంలో కనిపించే బొమ్మల్లో లజ్జాగౌరి, అంటే ప్రసవ భంగిమలో మలచిన సంతాన దేవత, ప్రత్యేకంగా గమనించదగినది. కొలిమి ముందు పనిచేసిన ఊరే సంతానం కోసం, సుఖప్రసవం కోసం దేవతను మట్టితో చేసి పెట్టుకున్నది. తర్వాతి కాలంలో ఇక్ష్వాకుల నాగార్జునకొండలో హారీతికి ఏకంగా గుడే కట్టారు. హారీతి మొదట పసిపిల్లలను మింగే యక్షిణి అనీ, బుద్ధుడు ఆమె బిడ్డనే దాచిపెట్టి ఆ దుఃఖం ఎలాంటిదో తెలియజెప్పిన తర్వాత పిల్లలను కాపాడే తల్లిగా మారిందనీ బౌద్ధ గాథలు చెబుతాయి. పసిబిడ్డల చావు గురించిన భయం ఎంత పాతదో, దాన్ని తట్టుకోవడానికి మనుషులు ఎంత దూరం ఆలోచించారో ఈ దేవతలిద్దరూ చూపిస్తారు.

తొలి పుట్టినరోజును అర్థం చేసుకోవడానికి ఆ భయమే తాళంచెవి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకముందే కన్నుమూశారు. జనాభా శాస్త్రంలో దీన్ని శిశు మరణాల రేటు అంటారు. దాదాపు ఎనిమిదిమందిలో ఒకరన్నమాట. 2020 నాటికి ఆ సంఖ్య దేశంలో 28కి, తెలంగాణలో 21కి తగ్గింది. అంటే తెలంగాణలో ఆ ఏడాది సుమారు నలభై ఎనిమిదిమందిలో ఒకరు. ఇవాళ మనవడి పుట్టినరోజుకు వచ్చే యాభై అయిదేళ్ల అమ్మమ్మ ఆ మొదటి లెక్కలో పుట్టి, రెండో లెక్కలో మనవడిని ఎత్తుకున్నది. ఆమె తోడబుట్టినవారిలో పురిట్లోనే పోయినవారు ఉండి ఉండవచ్చు. తట్టును, అమ్మవారిని, ధనుర్వాతాన్ని కళ్లారా చూసిన ఇంటి నుంచి ఆమె వచ్చి ఉండవచ్చు. మశూచి చివరి కేసు దేశంలో 1975లో నమోదైంది, పిల్లలందరికీ టీకాలు వేసే జాతీయ కార్యక్రమం 1985లో మొదలైంది, తల్లులకూ నవజాత శిశువులకూ సోకే ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు 2015లో ప్రకటించారు. ఈ మార్పులన్నీ ఒక్క స్త్రీ జీవితకాలంలో జరిగినవే.

సంగారెడ్డి, మెదక్ ప్రాంతపు పల్లెల్లో పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్లు ఇంట్లోకి తీసుకొని, ఆ పేరే పెట్టేవారు. ఇలాంటి బిడ్డను మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకం. విస్తరాకుల్లో దొర్లించిన బిడ్డకు పుల్లయ్య అని పెట్టడమూ ఈ కోవలోదే. ఈ పేర్లు పెట్టుకున్నవారిలో చాలామంది ఇప్పుడు తాతలు, ముత్తాతలు. తమ మనవలకు ఆకాశంలోని నక్షత్రాల పేర్లో, వినడానికి మెత్తగా ఉండే రెండక్షరాల పేర్లో పెడుతుంటే వారు అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే బిడ్డను దాచుకోవలసిన అవసరం తీరిపోయిన సంగతిని వారికంటే బాగా తెలిసినవారు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు.

శాస్త్రం చెప్పిన షోడశ సంస్కారాల్లో, అంటే పుట్టుకకు ముందు నుంచి చావు వరకు చేయవలసిన పదహారు కర్మల్లో, నామకరణం, అన్నప్రాశనం, పుట్టువెంట్రుకలు తీసే చౌలం ఉన్నాయిగాని ఏడాది నిండిన రోజుకు విడిగా చోటు లేదు. అయినా జనం ఆ రోజును వదల్లేదు. పురోహితుణ్ని పిలిచే ఇళ్లలో అబ్దపూర్తి అని, ఆయుష్య హోమం అని చేస్తారు. పాలలో నువ్వులు, బెల్లం కలిపి మార్కండేయుణ్ని తలచుకొని బిడ్డ నోట చుక్క వేస్తారు. అశ్వత్థామ మొదలైన సప్త చిరంజీవులను స్మరిస్తారు. ఈ తంతు మొత్తంలో చదువు, సంపద, కీర్తి అడిగే మాట ఎక్కడా ప్రధానం కాదు, అడిగేది ఆయుష్షు ఒక్కటే. కొరియాలో బిడ్డ ఏడాది నిండినప్పుడు జరిపే దోల్ వేడుకలోనూ ఇదే కనిపిస్తుంది. బిడ్డ ముందు పుస్తకం, డబ్బు, బియ్యంతోపాటు దారపు ఉండను కూడా పెడతారు, బిడ్డ దారాన్ని పట్టుకుంటే దీర్ఘాయువు అని సంతోషిస్తారు. మన అన్నప్రాశనంలో పుస్తకం, బంగారం, కత్తి పెట్టి ఏది పట్టుకుంటాడో చూసే ఆచారానికి అది దగ్గరి చుట్టం. ఈ ప్రాంతంలోని ముస్లిం కుటుంబాల్లో ఏడో రోజున అఖీఖా చేసి, బిడ్డ తలవెంట్రుకల ఎత్తు వెండిని దానం చేస్తారు. క్రైస్తవ కుటుంబాల్లో ఏడాది నిండిన రోజున కృతజ్ఞతా ప్రార్థనకు సంఘపు పెద్దలను పిలుస్తారు. దారులు వేరైనా బిడ్డ దక్కినందుకు దండం పెట్టే మనసు ఒకటే.

ఆ ఏడాదిని పెద్దలు తిండి పదార్థాలతో లెక్కపెట్టేవారు. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు చేసి వాడకట్టులో పంచేవారు. ఈ పంపకం వెనుక ఒక వివేకం ఉంది. బిడ్డ ఏ దశలో ఉన్నదీ ఇరుగుపొరుగుకు తెలిసిపోయేది. ఫలానా ఇంటి బిడ్డ తొమ్మిదో నెల దాటినా పాకలేదంటే ఆ వాడలోని అనుభవమున్న ఆడవాళ్లు ముందే గమనించి చెప్పేవారు. ఇప్పుడు ఆ పనిలో కొంత టీకా కార్డు మీద, కొంత ఆశా కార్యకర్త మీద పడింది. అయితే అరిసెలు పంచే ఇల్లు ఇప్పటికీ అమ్మమ్మ ఉన్న ఇల్లే. ఆమె లేని ఇంట్లో తొలి అడుగు ఫోన్‌లో వీడియోగా మిగులుతుంది.

ఒకప్పుడు ఈ ఏడాదిలో సింహభాగం అమ్మమ్మ ఇంటనే గడిచేది. తొలి కాన్పుకు కూతురు తల్లిగారింటికి పోవడం, పురుడు, అంటే ప్రసవమూ ఆ తర్వాతి శుద్ధి దినాలూ అక్కడే గడవడం, ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేయడం, మూడో నెలనో అయిదో నెలనో బిడ్డతో అత్తగారింటికి చేరడం తెలంగాణ ఇళ్లలో మామూలు. బిడ్డ పెద్దల ఇంటికి వచ్చేది తప్ప పెద్దలు బిడ్డ ఇంటికి పోయే అవసరం అంతగా ఉండేది కాదు. ఆ క్రమాన్ని కార్ఖానాలు మార్చాయి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ దశాబ్దం నుంచే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం వాడలు వరసగా వచ్చి, నారాయణఖేడ్, జహీరాబాద్ పల్లెల నుంచి శ్రీకాకుళం వరకు, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వరకు మనుషులను ఇక్కడికి లాగాయి. వారు అద్దెకు తీసుకున్న ఒకటి రెండు గదుల పోర్షన్లలో పుట్టి పెరిగే బిడ్డకు అమ్మమ్మ ఇల్లు సెలవుల్లో చూసే ఊరు అయింది, అమ్మమ్మ ఆ బిడ్డ ఇంటికి చుట్టంగా వచ్చే మనిషి అయింది.

ఆ రాక ఎలా జరుగుతుందో చూస్తే పెద్దల మనసు తెలుస్తుంది. సంగారెడ్డి పట్టణానికి రైలు లేదు. కోస్తా వైపు నుంచి వచ్చేవారు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లి చేరి, అక్కడి నుంచి ముంబై హైవే మీదుగా బస్సో షేర్ ఆటోనో పట్టుకుంటారు. నారాయణఖేడ్ వైపువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులే దిక్కు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల రాష్ట్రంలోని మహిళలకు ఆ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. దీనితో అమ్మమ్మలు, నాయనమ్మలు మనవల దగ్గరికి పోవడానికి ఎవరినీ డబ్బు అడగవలసిన అవసరం తీరింది. పథకాల గురించి జరిగే చర్చలో ఈ సంగతికి రావలసినంత చోటు రాలేదు. తాత పుట్టినరోజుకు వచ్చి మరునాడు పశువుల కోసమో పొలం కోసమో తిరిగి పోయినా, నాయనమ్మ ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని నెల తిరక్కముందే మళ్లీ వస్తుంది.

వారు తెచ్చే మూటలో ఏముంటుందో ఒకసారి విప్పి చూడాలి. జొన్నపిండి, కందిపప్పు, సకినాలు, డబ్బాలో మామిడికాయ తొక్కు, బిడ్డకు వెండి మొలతాడు, కాళ్లకు గజ్జెలు, మెత్తబడ్డ పాత నూలుచీరతో కుట్టిన బొంత. వీటన్నిటికంటే ముఖ్యంగా కూతురి కోసం ఒడిబియ్యం, అంటే పసుపు కలిపిన బియ్యం, వాటిలో కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ. పుట్టినరోజు బిడ్డదే అయినా అమ్మమ్మ, తాత ముందు ఒడి నింపేది తమ కూతురికి. కేకు కోసే వేళకు అందరి కళ్లూ బిడ్డ మీద ఉంటాయి. ప్రాణాన్ని పణంగా పెట్టి ఆ బిడ్డను కన్నది తమ బిడ్డ అని గుర్తుపెట్టుకొని, ఆమె కొంగులో బియ్యం పోసే ఆచారంలో ఉన్న గౌరవం కొత్త వేడుకల్లో మరెక్కడా కనిపించదు.

వేడుక ఏ రోజున జరపాలన్న విషయంలో ఇంట్లో మూడు లెక్కలు ఎదురుపడతాయి. పెద్దలది తిథి, అంటే చాంద్రమానపు రోజు. తల్లిదండ్రులది ఆసుపత్రి కాగితంలోని తేదీ. కార్ఖానాది వారపు సెలవు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి తిథి తేదీకంటే పదకొండు రోజులు ముందు వస్తుంది, మధ్యలో అధికమాసం పడితే వెనక్కు పోతుంది. 2022లో వినాయక చవితి ఆగస్టు 31న వచ్చింది. ఆ రోజు పుట్టిన బిడ్డకు తిథి ప్రకారం ఏడాది నిండింది 2023 సెప్టెంబరు 18న, ఎందుకంటే ఆ సంవత్సరం అధిక శ్రావణం వచ్చింది. ఆ 2023 చవితి నాడు పుట్టిన బిడ్డకు మాత్రం 2024 సెప్టెంబరు 7కే నిండింది. చివరికి చాలా ఇళ్లలో తిథి నాడు పెద్దలు తలంటు పోసి, దీపం పెట్టి, గుడికి తీసుకుపోతారు. తేదీ నాడు కొత్త గౌను తొడిగి ఫోటో తీస్తారు. విందు మాత్రం ఆదివారానికి పోతుంది. తండ్రికి ఆ ఆదివారం కూడా బీ షిఫ్టు పడితే తోటి కార్మికుడితో మార్చుకోవాలి. ఈ మూడు లెక్కల్లో ఏదీ తప్పు కాదు. అయితే పెద్దలు చేసుకునే తిథి వేడుకను ఎవరూ ఫోటో తీయకపోవడం, తర్వాతి తరానికి అది జరిగినట్లే తెలియకపోవడం బాధపడవలసిన విషయం.

విందు సాధారణంగా డాబా మీద షామియానా కిందనో, చిన్న ఫంక్షన్ హాల్లోనో జరుగుతుంది; బగారా అన్నం, కోడికూర, బిడ్డ నిలువెత్తు ఫ్లెక్సీ తప్పవు. ఫ్లెక్సీ దగ్గర పాత తరానికీ కొత్త తరానికీ మధ్య ఒక మౌనమైన పేచీ ఉంటుంది. బిడ్డ బొద్దుగా ఉందని పైకి అనకూడదని నేర్చుకున్న నాయనమ్మ, అదే బిడ్డ బొమ్మను నాలుగు దారుల కూడలిలో వేలాడదీయడం చూస్తుంది. ఆమె వద్దనదు. చుట్టాలు పోయి, కుర్చీలు ఎత్తిన తర్వాత బిడ్డను ఒడిలో వేసుకొని, ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, ఊరి దిష్టి, వాడ దిష్టి, చుట్టాల దిష్టి, తల్లి దిష్టి అంటూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తుంది. బిడ్డ అరికాలిలో, చెంప మీద కాటుక చుక్క మళ్లీ దిద్దుతుంది. దిష్టిని నమ్మేవారూ నమ్మనివారూ ఉన్నారు. ఆ తిప్పే చేతిలో మాత్రం ఎనిమిదిమందిలో ఒకరు దక్కని కాలపు జ్ఞాపకం ఉంది, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం న్యాయం అనిపించుకోదు.

బిడ్డ గురించిన భయం తగ్గినా పెద్దలకు భయమే లేకుండా పోలేదు, అది చోటు మార్చుకుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన కార్మికులు. పూర్వం పెద్దలు తొట్టెలలోని బిడ్డ కోసం మొక్కుకునేవారు. ఇక్కడి పెద్దలు రియాక్టర్ల దగ్గరికి షిఫ్టుకు పోయే కొడుకు కోసం, అల్లుడి కోసం మొక్కుకుంటున్నారు. టీకా పసివాణ్ని కాపాడింది. ఆ పసివాడి తండ్రిని కాపాడవలసిన రక్షణ నియమాలు కాగితం మీద ఉండి పనిచోట లేకపోతే, ఆయుష్య హోమం ఎవరి పేరున చేయాలో ఆ ఇంటి పెద్దలు తేల్చుకోలేరు.

పెద్దల తోడు బిడ్డకు ఎంత అవసరమో శాస్త్రమూ చెబుతుంది. మనుషుల్లో స్త్రీలు పిల్లలను కనే వయసు దాటిన తర్వాత కూడా దశాబ్దాలు ఎందుకు జీవిస్తారన్న ప్రశ్నకు పరిణామ శాస్త్రంలో ఒక సమాధానం ఉంది. దాన్ని అమ్మమ్మ పరికల్పన అంటారు. టాంజానియాలోని హడ్జా అనే వేట, ఆహార సేకరణ సమాజంలో వృద్ధ స్త్రీలు దుంపలు తవ్వి మనవలకు పెట్టడాన్ని పరిశీలించిన క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు 1998లో దీన్ని బలంగా ప్రతిపాదించారు. అమ్మమ్మ తోడుంటే తల్లికి ఊపిరి సలుపుతుంది, బిడ్డ బతుకుతుంది, ఆ దీర్ఘాయువు వంశంలో కొనసాగుతుంది అన్నది దీని సారాంశం. 2008లో రెబెక్కా సియర్, రూత్ మేస్ అనేక సమాజాల వివరాలను సమీక్షించి, బిడ్డ బతికి బట్టకట్టడానికి తల్లి తల్లి అండ ఎక్కువగా ఉపయోగపడుతున్నదని గమనించారు. తొలి కాన్పు తల్లిగారింట జరగాలన్న మన ఆచారానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

ఈ అండ ఇప్పుడు ఎక్కడ అవసరమో చట్టమే పరోక్షంగా చూపుతున్నది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి 26 వారాల వేతన సెలవు ఇచ్చింది. యాభైమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ గది ఉండాలన్నది. ఇరవై ఆరు వారాలంటే సరిగ్గా అర ఏడాది. తొలి పుట్టినరోజు దాకా మిగిలే రెండో అర ఏడాదిని మోసేది అమ్మమ్మలు, నాయనమ్మలే. ఒప్పంద పద్ధతిలో పనిచేసే తల్లుల విషయంలో మొదటి అర ఏడాది కూడా వారి మీదే పడుతుంది. ఈ ప్రాంతపు ప్యాకింగ్ విభాగాల్లో, గార్మెంట్ యూనిట్లలో ఆడవారి పని సాగుతున్నదంటే దాని వెనుక ఏ జీతపు పట్టికలోనూ పేరు లేని ఒక పెద్దావిడ ఎక్కడో ఉయ్యాల ఊపుతున్నదని అర్థం.

ఇదే ప్రాంతం నుంచి ఎదురు ప్రయాణం కూడా సాగుతున్నది. బీహెచ్‌ఈఎల్ క్వార్టర్లలో సంసారాలు నడిపి పదవీ విరమణ చేసినవారి పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాల్లో ఉన్నారు. అక్కడి మనవల కోసం అమ్మమ్మ మొదట పోయి ఆరు నెలలుండి వస్తే, ఆ తర్వాత నాయనమ్మ పోతుంది. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలల వరకే ఉండనిస్తారు కాబట్టి వియ్యపురాళ్లిద్దరూ ఏడాదిని చెరిసగం పంచుకుంటారు, పుట్టినరోజు ఎవరి వంతులో పడితే వారు అదృష్టవంతులు. నారాయణఖేడ్ బస్సు దిగే నాయనమ్మకూ శంషాబాద్‌లో విమానం ఎక్కే నాయనమ్మకూ చదువులో, ఆస్తిలో ఎంత తేడా ఉన్నా, మూటలో సకినాలు పెట్టుకోవడంలో తేడా లేదు.

కొండాపూర్, పటాన్‌చెరు ఇళ్లలో మాత్రం పుట్టినరోజు మరునాడు ఒక పెద్ద విషయం తేలాలి. బిడ్డకు ఏడాది నిండింది, తల్లి మళ్లీ పనికి పోవాలి. అమ్మమ్మ ఇక్కడే ఉండిపోవాలా, లేక బిడ్డనే ఊరికి తీసుకుపోవాలా? ఉండిపోతే ఊళ్లో తాత ఒంటరి, గదిలో పడుకోవడానికి చోటు తక్కువ, తెలిసిన ముఖం ఒక్కటీ లేని వాడ. తీసుకుపోతే తల్లికి నెలకోసారి మాత్రమే బిడ్డ కనిపిస్తుంది, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ తల్లిని కాక అమ్మమ్మనే అమ్మా అని పిలవవచ్చు. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పని కుటుంబాలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు; కార్ఖానా గేటు పక్కనే నమ్మదగిన శిశు సంరక్షణ కేంద్రం నడిస్తే ఈ చర్చ చాలా ఇళ్లలో తలెత్తదు. ఊరికి పంపడమే ఖాయమైతే బిడ్డ బట్టల సంచిలో టీకా కార్డు కూడా పెట్టాలి, ఎందుకంటే పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య తట్టు, రుబెల్లా రెండో మోతాదు, డీపీటీ బూస్టరు పడాలి. ఊరి ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం ఆ కార్డు చూసి, ముందు వేసినవి సరిచూసుకున్నాకే సూది వేస్తుంది.